అయర్టన్ సెన్నా: కార్టింగ్ బాట నుంచి ఫార్ములా వన్ శిఖరానికి

మోటారు పందేల చరిత్రలో 1994 మే 1వ తేదీ చెరగని విషాద దినంగా నిలిచిపోయింది. ఇటలీలోని ఇమోలా సర్క్యూట్‌లో ఆ మధ్యాహ్నం జరిగిన ప్రమాదంలో బ్రెజిల్‌కు చెందిన మూడుసార్ల ప్రపంచ విజేత అయర్టన్ సెన్నా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్లు. మూడు దశాబ్దాలు దాటినా ఆయన పేరు పందెం ప్రియుల నోట చిరంజీవిగానే ఉంది. నాలుగేళ్ల వయసులో గడ్డి కోసే యంత్రపు ఇంజిన్‌తో మొదలైన ప్రయాణం ప్రపంచ శిఖరానికి చేరిన తీరు, ఆ శిఖరంపై ఆయన ఎదుర్కొన్న ధర్మసంకటాలు, ఆయన మరణం ఆ క్రీడను మార్చిన విధం నేటికీ స్మరించదగినవి.

బాల్యం, తొలి బండి

అయర్టన్ సెన్నా డా సిల్వా 1960 మార్చి 21న బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో జన్మించారు. తండ్రి మిల్టన్ డా సిల్వా వ్యాపారి, భూస్వామి. తల్లి నేయిడి సెన్నా. అక్క వివియాన్, తమ్ముడు లియోనార్డో. ఇంట్లో అందరూ ఆయనను బెకో అనే ముద్దుపేరుతో పిలిచేవారు. కలిగిన కుటుంబం కావడంతో బాల్యంలో ఏ లోటూ ఎరుగరు. అయితే పసితనంలో ఆ బాలుడి కదలికల్లో తడబాటు కనిపించేది. మెట్లెక్కడంలోనూ, పరుగెత్తడంలోనూ తోటి పిల్లల వలె కుదురు ఉండేది కాదు. తల్లిదండ్రులు కలవరపడి వైద్య పరీక్షలు చేయించగా లోపమేదీ లేదని తేలింది.

ఆ బాలుడికి కార్లంటే ఉన్న మక్కువను గమనించిన తండ్రి, నాలుగో ఏట ఒక చిన్న బండిని తయారు చేయించి ఇచ్చారు. దానికి అమర్చినది గడ్డి కోసే యంత్రానికి వాడే ఒక అశ్వశక్తి ఇంజిన్. నేలపై తడబడిన కాళ్లు స్టీరింగ్ వెనుక కూర్చోగానే కుదురుకున్నాయి. ఏడేళ్ల వయసుకే కుటుంబ పొలాల్లో జీపు నడపడం నేర్చుకున్నారు. చదువులో శ్రద్ధ తగ్గితే బండి దక్కదన్నది ఇంటి నియమం. ఆ నియమం ఆయనకు క్రమశిక్షణను అలవరచింది.

కార్టింగ్ నేర్పిన పాఠాలు

కార్టింగ్ అనేది మోటారు పందేలకు ప్రాథమిక పాఠశాల వంటిది. పైకప్పు లేని, నేలకు జానెడు ఎత్తున మాత్రమే ఉండే ఆ చిన్న బండికి సస్పెన్షన్ ఉండదు. దారిలోని ప్రతి గతుకూ డ్రైవరు వెన్నుకు నేరుగా తెలుస్తుంది. ఎక్కడ బ్రేకు వేయాలి, మలుపులో ఎంత వేగం నిలుస్తుంది, ఎదుటివారిని ఏ క్షణంలో దాటాలి అన్న విద్యలన్నీ అక్కడే అబ్బుతాయి. నేటి ఫార్ములా వన్ డ్రైవర్లలో దాదాపు అందరూ ఆ బడిలో చదివి వచ్చినవారే.

అప్పట్లో బ్రెజిల్‌లో పోటీ కార్టింగ్‌కు అనుమతించే కనీస వయసు 13 ఏళ్లుగా ఉండేది. ఆ ఏడు నిండిన వెంటనే, 1973లో, సావో పాలోలోని ఇంటర్‌లాగోస్‌లో సెన్నా తొలి పందెంలో పాల్గొన్నారు. స్థానాలను చీటీల ద్వారా నిర్ణయించగా ఆయనకు మొదటి స్థానం దక్కింది. తనకంటే పెద్దవారిని, అనుభవజ్ఞులను వెనుక నిలిపి చాలాసేపు ముందంజలో సాగారు. చివర్లో వెనుక బండి తాకడంతో గెలుపు చేజారింది. గెలుపు దక్కకపోయినా ప్రతిభ బయటపడింది. స్పెయిన్ నుంచి వలస వచ్చి ఇంజిన్ల తయారీలో పేరొందిన లూసియో పాస్కువల్ గాస్కోన్ ఆయనకు గురుస్థానంలో నిలిచారు. చే అనే పేరుతో ప్రసిద్ధుడైన ఆ మెకానిక్ దగ్గరే ఇంజిన్ మాట వినడం సెన్నా నేర్చుకున్నారు.

వానలో ఆయన సాధించిన అసాధారణ నైపుణ్యానికి మూలం కూడా ఆ రోజుల్లోని ఒక పరాభవమే. తడిసిన ట్రాకుపై జరిగిన ఒక కార్టింగ్ పందెంలో పొడిదారిలో తన వెనుక ఉండేవారంతా ఆయనను దాటిపోయారు. ఆ అవమానాన్ని ఆయన మరచిపోలేదు. ఆనాటి నుంచి చినుకు పడితే చాలు, బండి తీసుకుని ట్రాకుకు వెళ్లేవారు. వర్షాకాలంలో బస్తర్ ముఖద్వారమైన కేశ్‌కాల్ ఘాట్‌లో మలుపు మీద మలుపు దాటే లారీ డ్రైవరుకు టైరు పట్టు ఎక్కడ సడలుతుందో కంటికంటే ముందు వెన్నుకు తెలుస్తుంది. అటువంటి స్పర్శజ్ఞానాన్నే సెన్నా పట్టుబట్టి సంపాదించారు. అది పుట్టుకతో వచ్చిన వరమని లోకం భావించింది. నిజానికి అది ఓటమి నేర్పిన సాధన.

1977లో దక్షిణ అమెరికా కార్టింగ్ చాంపియన్‌షిప్‌ను ఆయన గెలుచుకున్నారు. 1978 నుంచి 1982 వరకు ప్రపంచ కార్టింగ్ చాంపియన్‌షిప్‌లో పోటీపడ్డారు. 1979లోనూ 1980లోనూ ద్వితీయ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఫార్ములా వన్‌లో మూడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన వ్యక్తికి కార్టింగ్ ప్రపంచ కిరీటం చివరి వరకూ దక్కలేదు. ఆ వెలితి ఆయన మనసులో నిలిచే ఉంది. డబ్బు, రాజకీయాల ప్రమేయం లేని స్వచ్ఛమైన పందెంగా కార్టింగ్‌ను ఆయన జీవితాంతం తలచుకునేవారు.

ఇంగ్లండ్‌లో ఎదురీత

1981లో 21 ఏళ్ల వయసులో సెన్నా ఇంగ్లండ్ చేరారు. పరాయి దేశం, రాని భాష, అలవాటు లేని చలి. వాన్ డీమెన్ జట్టు తరఫున ఫార్ములా ఫోర్డ్ 1600 పోటీల్లో దిగి ఆ ఏడాదే రెండు చాంపియన్‌షిప్‌లు గెలిచారు. అయినా సీజన్ ముగియగానే పందేలకు స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించి స్వదేశానికి వెళ్లిపోయారు. కుమారుడు కుటుంబ వ్యాపారాన్ని చూసుకోవాలన్నది తండ్రి ఆకాంక్ష. అదే కాలంలో లిలియాన్ డి వాస్కొన్సెలోస్‌తో జరిగిన వివాహం కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

వ్యాపారంలో ఆయన మనసు నిలవలేదు. కుమారుడి ఆవేదనను గ్రహించిన తండ్రి మెత్తబడ్డారు. 1982లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లిన సెన్నా ఫార్ములా ఫోర్డ్ 2000 విభాగంలో బ్రిటిష్, ఐరోపా టైటిళ్లు రెండింటినీ సాధించారు. బ్రెజిల్‌లో డా సిల్వా అనే ఇంటిపేరు ఊరికి వందమందికి ఉంటుంది. అందుకే తల్లి పుట్టింటి పేరైన సెన్నాను ఆయన తన పేరుగా స్థిరపరచుకున్నారు.

1983లో వెస్ట్ సర్రీ రేసింగ్ జట్టు తరఫున బ్రిటిష్ ఫార్ములా త్రీ బరిలో దిగి సీజన్‌లోని తొలి తొమ్మిది పందేలనూ వరుసగా గెలిచారు. ఆ తరువాత మార్టిన్ బ్రండిల్ అనే బ్రిటిష్ యువకుడు పుంజుకుని గట్టి పోటీ ఇవ్వడంతో టైటిల్ నిర్ణయం థ్రక్స్‌టన్‌లో జరిగిన ఆఖరి పందెం వరకు వెళ్లింది. అక్కడ సెన్నాదే పైచేయి అయింది. ఆ ఏడాది చివర మకావూ గ్రాండ్ ప్రిని కూడా గెలిచారు. విలియమ్స్, మెక్‌లారెన్, బ్రాభమ్, టోల్‌మన్ జట్లు ఆయనకు తమ కార్లు ఇచ్చి పరీక్షించాయి.

మొనాకో వానలో వెలుగు

1984లో చిన్న జట్టయిన టోల్‌మన్ ద్వారా సెన్నా ఫార్ములా వన్‌లో అడుగుపెట్టారు. స్వదేశంలో జరిగిన తొలి పందెంలో టర్బో దెబ్బతిని వైదొలిగారు. అదే ఏడాది జూన్‌లో మొనాకో గ్రాండ్ ప్రి కుండపోత వానలో మొదలైంది. 13వ స్థానంలో బయలుదేరిన సెన్నా ఒక్కొక్కరినే దాటుతూ రెండో స్థానానికి చేరారు. ముందున్న మెక్‌లారెన్ డ్రైవరు అలేన్ ప్రోస్ట్‌ను అందుకునే క్షణంలో, వాన కారణంగా అధికారులు పందెం నిలిపివేశారు. విజయం ప్రోస్ట్‌కు దక్కింది. ప్రపంచం చూపు మాత్రం రెండో స్థానంలో వచ్చిన కొత్త కుర్రవాడిపై నిలిచింది. తరువాతి పదేళ్ల వైరానికి అది నాందీప్రస్తావన.

1985లో లోటస్ జట్టుకు మారిన సెన్నా, ఏప్రిల్ 21న పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో తొలి పోల్ పొజిషన్‌తో పాటు తొలి విజయాన్నీ అందుకున్నారు. ఆనాడూ వానే. రెండో స్థానంలో నిలిచిన మికేలె అల్బొరెటో కంటే నిమిషానికి పైగా ముందు ఆయన గమ్యం చేరారు. లోటస్‌లో మూడేళ్లలో ఆరు విజయాలు సాధించారు. 1986 జూన్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ నుంచి బ్రెజిల్ నిష్క్రమించిన మరునాడే డెట్రాయిట్‌లో గెలిచిన ఆయన, జాతీయ పతాకాన్ని చేతబట్టి ట్రాకును చుట్టివచ్చారు. ధరల పెరుగుదలతో, రాజకీయ అనిశ్చితితో కుంగిన ఆ దేశానికి ఆదివారం ఉదయాల్లో ఆ పతాకమే ఊరట అయింది.

ప్రోస్ట్‌తో వైరం

1988లో మెక్‌లారెన్-హోండా జట్టులో చేరడంతో సెన్నా జీవితంలో అత్యంత ఉజ్జ్వలమైన అధ్యాయం, అత్యంత వివాదాస్పదమైన అధ్యాయం ఒకేసారి మొదలయ్యాయి. అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ప్రోస్ట్ అదే జట్టులో సహచరుడు. ఆ ఏడాది 16 పందేల్లో 15 ఆ జట్టువే. సెన్నా ఎనిమిది, ప్రోస్ట్ ఏడు గెలిచారు. ప్రోస్ట్ సాధించిన మొత్తం పాయింట్లు 105 కాగా సెన్నావి 94. అయితే నాటి నిబంధన ప్రకారం ఉత్తమమైన 11 ఫలితాలనే లెక్కించేవారు. ఆ లెక్కన 90-87 తేడాతో సెన్నా తొలిసారి ప్రపంచ విజేత అయ్యారు. టైటిల్‌ను నిర్ణయించిన జపాన్ గ్రాండ్ ప్రిలో, సుజుకా ట్రాకుపై, ఆరంభంలోనే ఆయన కారు ఆగిపోయింది. దారి పల్లంగా ఉండటంతో దొర్లి మళ్లీ ఊపందుకుంది. 14వ స్థానానికి పడిపోయిన ఆయన చినుకులు తోడవగా అందరినీ దాటి విజేతగా నిలిచారు.

అదే ఏడాది మొనాకోలో మరో పాఠం ఎదురైంది. అర్హత పోటీలో ప్రోస్ట్ కంటే దాదాపు ఒకటిన్నర సెకను వేగంగా ట్రాకును చుట్టిన సెన్నా, పందెంలోనూ తిరుగులేని ఆధిక్యంతో సాగారు. ముగింపునకు కొద్ది ల్యాప్‌ల ముందు ఏకాగ్రత సడలి కారును కంచెకు ఢీకొట్టారు. ఎవరికీ ముఖం చూపక సమీపంలోని తన నివాసానికి నడిచి వెళ్లిపోయారు. ఆ తరువాత 1989 నుంచి 1993 వరకు వరుసగా ఐదేళ్లు మొనాకోలో ఆయనే గెలిచారు. 1987లో లోటస్‌తో సాధించిన దానితో కలిపితే అక్కడ ఆయన విజయాలు ఆరు.

1989లో సహచరుల మధ్య మాట పట్టింపు మొదలై శత్రుత్వంగా మారింది. సుజుకాలో ఇద్దరి కార్లూ ఢీకొన్నాయి. ప్రోస్ట్ దిగిపోగా, సెన్నా తిరిగి బయలుదేరి పందెం గెలిచారు. అయితే ట్రాకులోని మలుపును వదిలి మరోదారిలో చేరారన్న కారణంతో ఆయనను అనర్హుడిగా ప్రకటించారు. టైటిల్ ప్రోస్ట్‌కు దక్కింది. అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు జాన్ మరీ బలెస్ట్‌తో సెన్నా బహిరంగంగా తలపడ్డారు. లక్ష డాలర్ల జరిమానా, నిషేధపు హెచ్చరిక ఎదురయ్యాయి.

మరుసటి ఏడాది అదే సుజుకాలో ఆ అన్యాయానికి ఆయన తీర్చుకున్న ప్రతీకారం ఆయన జీవితంపై మాయని మచ్చ. పోల్ పొజిషన్ సాధించినా ఆ స్థానం ట్రాకులో దుమ్ముపట్టిన వైపు ఉంది. దానిని మార్చాలన్న ఆయన కోరికను అధికారులు మన్నించలేదు. అప్పటికి ఫెరారీకి మారిన ప్రోస్ట్ ఆరంభంలో ముందుకు దూసుకువెళ్లగా, మొదటి మలుపులోనే సెన్నా ఆయన కారును ఢీకొట్టారు. ఇద్దరూ పందెం నుంచి వైదొలగడంతో పాయింట్లలో ముందున్న సెన్నాకు రెండో ప్రపంచ కిరీటం దక్కింది. అది ఉద్దేశపూర్వకమేనని ఏడాది తరువాత ఆయనే అంగీకరించారు. అత్యధిక వేగంతో, వెనుక పాతిక కార్లు వస్తుండగా చేసిన ఆ పని ఎవరి ప్రాణమైనా తీయగలిగేది. తనకు జరిగిన అన్యాయం నిజమే కావచ్చు. కానీ దానికి సమాధానంగా ఎదుటివాడి ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆయనను ఆరాధించేవారు సైతం ఈ ఘట్టం వద్ద తలదించుకోక తప్పదు.

మూడో కిరీటం, మానవత్వం

1991 మార్చిలో ఇంటర్‌లాగోస్‌లో జరిగిన బ్రెజిల్ గ్రాండ్ ప్రి ఆయన చిరకాల వాంఛను తీర్చింది. స్వదేశంలో అంతవరకు గెలుపు ఎరుగని సెన్నాకు పందెం చివరి దశలో గేర్లు ఒక్కొక్కటే మొరాయించాయి. ఆఖరి ల్యాప్‌లను ఆరో గేరు ఒక్కదానితోనే నడిపి, వెంటాడుతున్న రికార్డో పత్రేసే కంటే దాదాపు మూడు సెకన్ల ముందు గమ్యం చేరారు. కండరాలు బిగుసుకుపోయి కారు నుంచి తనంతట తాను దిగలేకపోయారు. విజేత కప్పును తలపైకి ఎత్తడానికీ చేతులు సహకరించలేదు. ఆ ఏడాదే ఆయన మూడోసారి ప్రపంచ విజేత అయ్యారు.

ఆయన వ్యక్తిత్వంలోని మరో పార్శ్వాన్ని 1992లో బెల్జియంలోని స్పా ట్రాకు చూపింది. సాధన సమయంలో ఫ్రాన్స్ డ్రైవరు ఎరిక్ కోమా కారు ప్రమాదానికి గురై ట్రాకు మధ్యలో నిలిచిపోయింది. డ్రైవరు స్పృహ తప్పినా ఇంజిన్ తిరుగుతూనే ఉంది. వెనుక వస్తున్న సెన్నా తన కారును ఆపి, ట్రాకుకు అడ్డంగా పరుగెత్తి ఆ ఇంజిన్‌ను ఆపివేశారు. వైద్యులు వచ్చేవరకు గాయపడినవాని తల కదలకుండా పట్టుకున్నారు. రెండేళ్ల క్రితం ప్రతీకారంతో కారును గుద్దించిన చేతులే ఆనాడు ఒక ప్రాణాన్ని కాపాడాయి.

1993 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని డానింగ్టన్‌లో తడి ట్రాకుపై ఆరంభంలో ఐదో స్థానానికి జారిన ఆయన, ఒక్క ల్యాప్ ముగిసేలోపే నలుగురినీ దాటి మొదటి స్థానానికి చేరారు. ఆనాడు ఆయన దాటినవారిలో ప్రోస్ట్ ఒకరు. ఆ ఏడాది నవంబరులో అడిలైడ్‌లో సాధించిన విజయమే ఆయన జీవితంలో చివరిది. పందేలకు వీడ్కోలు పలుకుతున్న ప్రోస్ట్‌ను ఆ రోజు విజేతల వేదికపై తన పక్కకు లాక్కుని ఆలింగనం చేసుకున్నారు.

ఇమోలా

1994లో విలియమ్స్ జట్టులో చేరిన సెన్నాకు సీజన్ ఆరంభం కలిసిరాలేదు. ఎలక్ట్రానిక్ సహాయక పరికరాలను ఆ ఏడాది నిషేధించడంతో కారు అదుపు కష్టమైంది. తొలి రెండు పందేల్లో ఆయనకు ఒక్క పాయింటూ రాలేదు. మూడో పందెం ఇమోలాలో. ఏప్రిల్ 29, శుక్రవారం నాడు తోటి బ్రెజిల్ యువకుడు రూబెన్స్ బారికెల్లో ఘోర ప్రమాదం నుంచి బయటపడ్డారు. శనివారం అర్హత పోటీలో ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ ప్రాణాలు కోల్పోయారు. సెన్నా ప్రమాద స్థలికి స్వయంగా వెళ్లి చూశారు. పందేల వైద్యాధికారి, ఆయనకు ఆత్మీయుడైన ప్రొఫెసర్ సిడ్ వాట్కిన్స్ ఆయన దుఃఖాన్ని చూసి, ఇక చాలించి విశ్రాంతిగా చేపలు పట్టుకుందామని నచ్చజెప్పారు. మానుకోవడం తన చేతిలో లేదన్నట్లుగా సెన్నా ఆ మాటను సున్నితంగా తోసిపుచ్చారు.

ఆదివారం ఉదయం తోటి డ్రైవర్లతో భద్రత గురించి మాట్లాడి, డ్రైవర్ల సంఘాన్ని పునరుద్ధరించాలన్న నిర్ణయంలో ఆయన ముందు నిలిచారు. మధ్యాహ్నం పందెం మొదలైంది. ఏడో ల్యాప్‌లో టాంబురెల్లో అనే మలుపు వద్ద గంటకు సుమారు 310 కిలోమీటర్ల వేగంతో ట్రాకు వదిలిన కారు కాంక్రీటు గోడను ఢీకొట్టింది. విరిగిన సస్పెన్షన్ భాగం హెల్మెట్‌ను ఛేదించింది. బొలోనాలోని మజోరె ఆసుపత్రిలో ఆ సాయంత్రం ఆయన మరణాన్ని ప్రకటించారు. కారులో మడతపెట్టిన ఒక ఆస్ట్రియా పతాకం దొరికింది. గెలిస్తే దానిని రాట్జెన్‌బెర్గర్ స్మృతికి గుర్తుగా ఎగురవేయాలని ఆయన సంకల్పించారని సన్నిహితులు భావించారు. ప్రమాదానికి కారణం స్టీరింగ్ లోపమా, టైర్ల పీడనం తగ్గడమా అన్న వివాదం ఇటలీ న్యాయస్థానాల్లో ఏళ్ల తరబడి సాగింది.

బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజుల సంతాప దినాలు ప్రకటించింది. సావో పాలో వీధుల్లో లక్షలాది ప్రజలు బారులు తీరి తమ వీరుడికి కన్నీటి వీడ్కోలు పలికారు. శవపేటికను మోసినవారిలో అలేన్ ప్రోస్ట్ కూడా ఉన్నారు. రెండు నెలల తరువాత ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్ జట్టు ఆ విజయాన్ని ఆయనకు అంకితం చేసింది.

మరణానంతర వారసత్వం

161 పందేలు, 41 విజయాలు, 65 పోల్ పొజిషన్లు, మూడు ప్రపంచ టైటిళ్లు. ఆయన పోల్ రికార్డు 2006 వరకు పదిలంగా నిలిచింది. అంకెలను మించినది ఆయన మరణం తెచ్చిన మార్పు. డ్రైవర్ల సంఘం అదే నెలలో పునరుద్ధరణ పొందింది. పిట్ దారిలో వేగ పరిమితి వచ్చింది. టాంబురెల్లో మలుపు రూపం మారింది. డ్రైవరు తలకు రక్షణగా కాక్‌పిట్ అంచులు ఎత్తుగా మారాయి. విరిగిన చక్రాలు ఎగిరిపడకుండా బంధనాలు, మెడకు ఆధారమిచ్చే పరికరం, 2018 నుంచి తలపై హాలో కవచం వరుసగా వచ్చాయి. సెన్నా తరువాత ఫార్ములా వన్ పందెంలో తగిలిన గాయాలతో మరణించిన డ్రైవరు ఫ్రాన్స్‌కు చెందిన జూల్ బియాంకీ. ఆయన ప్రమాదం జరిగినది 2014లో. నడుమ గడిచిన ఇరవై ఏళ్లలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కించడం సాధ్యం కాదు.

దేశంలోని పేద పిల్లలకు ఏదైనా చేయాలన్న తలంపును సెన్నా మరణానికి ముందు అక్క వివియాన్‌తో పంచుకున్నారు. ఆమె 1994 నవంబరులోనే అయర్టన్ సెన్నా ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ప్రభుత్వ పాఠశాలల్లో విద్యాభివృద్ధికి ఆ సంస్థ నేటికీ కృషి చేస్తోంది.

ఆ తలంపులోని విలువ మన దేశానికీ వర్తిస్తుంది. 2005లో నరైన్ కార్తికేయన్ తొలి భారతీయ ఫార్ములా వన్ డ్రైవరయ్యారు. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో భారత గ్రాండ్ ప్రి జరిగింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. అయినా ఈ క్రీడ గడప ఎత్తుగానే ఉంది. కోయంబత్తూరు, చెన్నై, గ్రేటర్ నోయిడాల్లోని ప్రధాన సర్క్యూట్లు బస్తర్ ముఖ్యపట్టణం జగదల్‌పూర్‌కు వందల కోసుల దూరంలో ఉన్నాయి. కార్టు, ఇంజిన్, టైర్లు, ప్రయాణాలు కలిపితే ఖర్చు సామాన్య కుటుంబానికి అందనిది. సెన్నాకు ప్రతిభతో పాటు బండి కొనిచ్చే తండ్రి ఉన్నారు. ప్రతిభ ఉండి ఆ అండ లేని పిల్లలు ఎందరో ఎక్కడైనా ఉంటారు. ఆ నిజం ఎరిగినందువల్లనే కావచ్చు, విజయ శిఖరాన నిలిచిన రోజుల్లో ఆయన ఆలోచన పాఠశాలల వైపు మళ్లింది.

సావో పాలోలోని మొరుంబి శ్మశానవాటికలో పచ్చని నేలపై చిన్న ఫలకం కింద అయర్టన్ సెన్నా విశ్రమిస్తున్నారు. ఏటా మే 1న అక్కడికి పూలతో వచ్చేవారిలో, ఆయన కారు నడుపుతుండగా చూడని తరం వారూ ఉంటారు.